కిటికీ అవతల నింపిన కాగితం

ఆ ఉదయం ఆకాశం వానకు కాదు, ఉక్కకు మూసుకుంది. మబ్బు అతుకు కనబడకుండా ఒకటే పొరగా షెడ్ల కప్పుల మీదికి వంగి ఉంది. గాలి ఊసే లేదు. గోడ మీద ఆరేసిన తువ్వాలు నిన్న సాయంత్రం ఎంత తడిగా ఉందో అంతే తడిగా ఉంది. ఇలాంటి రోజున మిషన్లు తొందరగా వేడెక్కుతాయి, చల్లనీళ్ల వాల్వు మాటిమాటికీ తెరుచుకోవాలి అనుకుంటూ చెప్పులు వేసుకున్నాను.

"తినకుండా పోతావేంట్రా? లోపలికెళ్తే మధ్యాహ్నం దాకా రావు కదా," అంది అక్క గుమ్మంలోంచి.

"వచ్చాక."

"వచ్చాక అంటే ఏ పూటో చెప్పి పో. మీ బావ ఒక మాటకు పది మాట్లాడతారు, నువ్వు పది మాటలకి ఒకటి. మీ ఇద్దరి మధ్యా నాకు లెక్క సరిపోతోంది."

మాది హేచరీ. గుడ్లు పొదిగించి కోడిపిల్లల్ని తీసే చోటు. బావ అక్కడ మేనేజరు. క్వార్టరు ఆయనకిచ్చిందే. వెనక గదిలో నేను ఉంటాను. పదకొండేళ్ల కిందట నన్ను తీసుకొచ్చి ట్రేలు మోసే పనిలో పెట్టింది బావే. మా ఊళ్లో బడి ఎంతవరకు ఉందో అంతవరకే నా చదువు. ఇక్కడ కంప్యూటరు చూసే మనిషి పక్కన రెండేళ్లు భోజనాల వేళ కూర్చుని, ఆయన తిట్లతో పాటు పని కూడా నేర్చుకున్నాను. ఆయన మానేసి వెళ్లేటప్పుడు తాళాలు నా చేతిలో పెట్టాడు. అప్పటినుంచి మిషన్లను నడిపించే సర్వరు ప్రోగ్రాము నా బాధ్యత.

పొదిగే మిషన్లు మూడు. ఒక్కోదాంట్లో పంతొమ్మిది వేల రెండు వందల గుడ్లు. గుడ్డు అందులో పద్దెనిమిది రోజులు ఉండి, ఆఖరి మూడు రోజులకు పక్క గదికి మారి అక్కడ పగులుతుంది. వేడి ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గర నిలబడాలి. గంటకోసారి ట్రేలన్నీ ఒక పక్కనుంచి ఇంకో పక్కకు వాలాలి, కోడి ముక్కుతో గుడ్డును తిప్పినట్టు. ఎప్పుడు వేడి ఇవ్వాలో, ఎప్పుడు నీళ్లు వదలాలో, ఎప్పుడు ట్రేలు వాల్చాలో మిషన్ల పక్కనున్న పెట్టెలకు సర్వరు చెబుతుంది. ఏదైనా తేడా వస్తే అలారం మోగించాల్సింది కూడా సర్వరే.

మా దగ్గర ఇంకో పద్ధతి ఉంది. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. లోపలి భాగాన్ని మేము శుభ్రం వైపు అంటాం. తలస్నానం చేసి, అక్కడి బట్టలే కట్టుకుని లోపలికి వెళ్లాలి. బయటినుంచి ఏదీ లోపలికి పోకూడదు. ముఖ్యంగా కాగితం. కాగితంతో పాటు జబ్బు వస్తుందని పెద్దాయన, అంటే మా యజమాని, నమ్మకం. అందుకని లోపలి మనుషులు స్నానానికి ముందే ఖాళీ ఫారాల మీద సంతకం చేసి బయట ఇస్తారు. ఆ తర్వాత గోడలో ఉన్న అద్దాల కిటికీ దగ్గరికొచ్చి మైకులో సంగతి చెబుతారు. బయటి మనిషి విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. లోపలి మనిషి ఔనన్నాకే రాయాలి. రాసే బల్ల కిటికీ కింద ఉంటుంది కాబట్టి లోపలికి కనబడదు. ఈ పదకొండేళ్లలో ఒకరి సంతకం మీద ఇంకొకరు వేరే మాట రాసిన రోజు లేదు. అలాంటిది జరుగుతుందని కూడా ఎవరికీ తట్టలేదు.

ఆ వారం కొత్త సర్వరు వచ్చింది. పాతది ఊపిరాడని ముసలాడిలా ఫ్యాను కొట్టుకుంటూ బతుకుతోంది. కొత్తదాన్ని అమర్చడానికి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. మంచివాడే. భుజానికి తగిలించిన సంచీ కూర్చున్నా దించేవాడు కాదు. మా దీపం పిన్ని అతనికి సంచీ సారు అని పేరు పెట్టింది.

దీపం పిన్ని గురించి కూడా చెప్పాలి. గుడ్డు కింద దీపం పెట్టి లోపల జీవం ఉందో లేదో చూసే పని ఆమెది. ఇరవై ఏళ్లుగా అదే చేస్తోంది. ఎవరికీ సొంత పిన్ని కాదు, అందరికీ పిన్నే.

సంచీ సారు ముందున్న ప్రశ్న ఒక్కటే. మా ప్రోగ్రామును ఏ రన్‌టైమ్ మీద నిలబెట్టాలి? రన్‌టైమ్ అంటే ప్రోగ్రాము కాలు పెట్టుకునే నేల. అది రెండు రకాలు, ముప్పై రెండు బిట్లది, అరవై నాలుగు బిట్లది. కొత్త సర్వరు రెండింటికీ చోటిస్తుంది. మా ప్రోగ్రాము కూడా రెండింటి మీదా నిలబడుతుంది. అరవై నాలుగు కొత్త కాలంది. ఎక్కువ జ్ఞాపకం పెట్టుకోగలదు, మూడేళ్ల రికార్డులు అడిగినా టక్కున చూపిస్తుంది. కానీ మిషన్ల పక్క పెట్టెలతో మాట్లాడేది మా ప్రోగ్రాము కాదు. ఆ పెట్టెలు చేసిన కంపెనీ ఇచ్చిన చిన్న లైబ్రరీ, అంటే మా ప్రోగ్రాము తన లోపలికి ఎక్కించుకుని వాడుకునే సాయపు ప్రోగ్రాము. అది ముప్పై రెండుకు కట్టింది. కంపెనీ మూతబడి తొమ్మిదేళ్లయింది, ఇంకొకటి చేసిచ్చేవాళ్లు లేరు. బాతుగుడ్ల ట్రే కోడిగుడ్ల బండిలో కూర్చోదు. ముప్పై రెండు లైబ్రరీ అరవై నాలుగు రన్‌టైమ్‌లో కూర్చోదు. కాబట్టి నేల కూడా ముప్పై రెండే కావాలి. రికార్డులు కాస్త నిదానంగా వస్తాయి, అంతే నష్టం.

ఇదంతా నాకు తెలుసు. సంచీ సారుకు తెలియదు. అతనికి లైబ్రరీ ఉందని తెలుసు, దాని వయసు తెలియదు.

ముందురోజు సాయంత్రం నేను స్నానం చేసి బయటికొచ్చేసరికి ఆఫీసులో పండగలా ఉంది. పొద్దున మిషన్లను పాత సర్వరు నడుపుతుండగానే, సంచీ సారు కొత్తదాంట్లో అరవై నాలుగు మీద పెట్టి పరీక్ష చేశాడట. తెర మీద మూడు మిషన్ల వేడి గీతలు నున్నగా, అద్దం మీద దారం పరిచినట్టు ఉన్నాయి. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూస్తున్నాడు. బావ పక్కన నిలబడి, "చెప్పాను కదండీ, ఇక పాతదన్న మాటే ఉండదు. అంతా అరవై నాలుగే," అంటున్నాడు. పక్క హేచరీ వాళ్లింకా ముప్పై రెండులోనే మూలుగుతున్నారని కూడా అన్నాడు. పెద్దాయన నవ్వాడు. ఆయన బావ మాటకు నవ్వడం నేను అరుదుగా చూశాను.

పెద్దాయన్ని సాగనంపడానికి బావ బయటికి వెళ్లాక తెర దగ్గరికి జరిగాను. మూడో మిషను గీత పదకొండు గంటల పది నిమిషాల దగ్గర వేలి గోరంత కిందికి దిగి, నాలుగు నిమిషాలకి మళ్లీ లేచింది. ఆ గుంట నాకు తెలుసు. ఆరేళ్ల కిందట ఒకనాడు దీపం పిన్ని మూడో మిషను తలుపు దగ్గర జారి కూలబడి, నాలుగు నిమిషాలు తలుపు వేయకుండా నేలను తిడుతూ కూర్చుంది. అది ఆ రోజు గుంట.

అది అక్కడికి ఎలా వచ్చిందో నాకు తప్ప ఇంకొకరికి తెలియదు. ఎవరైనా చూడ్డానికి వస్తే మిషన్లను ముట్టుకోకుండా గీతలు చూపించడానికి, ఆ ఒక్క రోజు వేడిని దాచిపెట్టి, తేదీ మాత్రం ఇవాళ్టిది వేసి చూపించే మాదిరి మోడ్ ఒకటి నేనే రాశాను. లైబ్రరీ దొరక్కపోతే ప్రోగ్రాము ఆగిపోకుండా తనంతట తానే దానికి మారేలా కూడా రాశాను. అప్పుడది తెలివైన పని అనిపించింది. తెర మీద "మాదిరి" అన్న మాట ఒకటి వేసుంటే సరిపోయేది. వెయ్యలేదు.

జరిగిందల్లా సర్వరు తనకు తాను రాసుకునే లాగ్ తెరిచి చూశాను. ఉంది ఆ లైను. తప్పు ఫార్మాటులో ఉన్న ప్రోగ్రామును ఎక్కించే ప్రయత్నం జరిగింది, అని.

ఇంటికి నడుస్తూ బావకు చెప్పాను. నా జన్మలో అన్ని మాటలు ఒకేసారి చెప్పి ఉండను.

"అయితే ఇందాక మేం చూసింది అబద్ధమా?" అన్నాడు బావ.

"మాదిరి. లైబ్రరీ ఎక్కలేదు. ముప్పై రెండు పెట్టాలి. సంచీ సారుకు చెబుదామంటే వెళ్లిపోయాడు."

బావ కాసేపు తన బూట్ల ముందున్న రాయిని కాలితో దొర్లిస్తూ నడిచాడు. "నీకు పాతదంటే మా చెడ్డ ప్రేమరా బామ్మర్దీ. సరేలే. రేపు ఎంపిక ఫారం నింపాలిగా, కిటికీ దగ్గర చెప్పు. నువ్వు చెప్పిందే వేస్తా. అతనికి నేను చెబుతాలే."

ఆ రాయిని గుమ్మం దాకా దొర్లించుకుంటూ వచ్చాడు. చూశాను. పట్టించుకోలేదు.

ఇక ఆ ఉక్క ఉదయం. పద్ధతి ప్రకారం గళ్లు ఖాళీగా ఉంచి సంతకం చేసిన ఫారం బావ చేతికిచ్చి, స్నానం చేసి లోపలికి వెళ్లాను. ఎనిమిదింటికి కిటికీ దగ్గరికి వచ్చాను. దీపం పిన్ని నా వెనకే ట్రేల బండి తోసుకుంటూ వచ్చి ఆగింది.

"జరుగు అబ్బాయ్. నోరు విప్పుతున్నావంటే ఏదో పెద్ద సంగతే. నేనూ వింటాను," అంది.

మైకు నొక్కి, "రన్‌టైమ్, ముప్పై రెండు," అన్నాను.

అద్దం అవతల బావ వంగి ఉన్నాడు. "ముప్పై రెండు," అన్నాడు.

"ఔను. అరవై నాలుగు వద్దు."

"అరవై నాలుగు వద్దు. ముప్పై రెండు." స్పష్టంగా, పద్ధతి ప్రకారం, రెండుసార్లు తిరిగి చెప్పాడు.

ఫారంలో రెండు గళ్లుంటాయి. మొదటిది ముప్పై రెండు, దాని పక్కన, బాగా ఎడంగా, అరవై నాలుగు. నాకు కాగితం కనబడదు, బావ భుజమే కనబడుతుంది. ఆ భుజం ముందు ఒక చోట ఆగింది. తర్వాత మోచేయి పక్కకు జరిగింది. అప్పుడు పెన్ను గీసింది. అది కూడా చూశాను. చూసినవన్నీ తూకం వేసుకునే అలవాటు నాకుంది. కానీ బావ మోచేతిని తూకం వెయ్యాలని నాకు తోచలేదు.

"ఇంతేనా?" అంది పిన్ని వెనకనుంచి. "దీనికోసం బండి ఆపుకున్నానా? నేను ఇంకా పెళ్లి మాటేమో అనుకున్నా."

బావ అద్దం అవతల నవ్వి చెయ్యెత్తాడు.

తొమ్మిదింటికి పాత సర్వరు నుంచి కొత్తదానికి మార్పు. ఆ రోజే గుడ్డు పగిలి వచ్చిన పిల్లల్ని తీసే రోజు కూడా. తొమ్మిదికి ముందే నేను, పిన్ని, ఇంకో నలుగురు పక్క గదిలోకి వెళ్లిపోయాం. అక్కడ పదిహేను వేల పిల్లలు ఒక్కసారిగా కూస్తుంటే పక్కనున్న మనిషి మాట కూడా పెదాలు చూసి తెలుసుకోవాల్సిందే. రెండు చేతులతో పిల్లల్ని ఎత్తి పెట్టెల్లో వేసుకుంటూ మూడు గంటలు గడిచాయి. తొమ్మిది దాటాక ఒక్కసారి తలుపు తీసి, మిషన్లున్న హాల్లో తెర వంక చూశాను. మూడు గీతలూ ముప్పై ఏడున్నర దగ్గర ఉన్నాయి. ముప్పై రెండు పెట్టారు, ఎక్కింది, అనుకున్నాను. మనసు తేలికపడింది. మళ్లీ తలుపు వేశాను.

పన్నెండుకు పని అయింది. హాల్లోకి వచ్చి చెవుల్లోని కూత దిగేదాకా నిలబడ్డాను. గంట కొట్టగానే ట్రేలు వాలే చప్పుడు రావాలి. ముందు పెట్టెలో చిన్న టిక్కు, తర్వాత ఇనుము ఒళ్లు విరుచుకున్నట్టు మూలుగు. గోడ మీద ముల్లు పన్నెండు దాటింది. టిక్కు రాలేదు. ఒక నిమిషం, రెండు, మూడు. రాలేదు.

తెర చూశాను. ముప్పై ఏడున్నర. వెనక్కి జరిపి చూశాను. పదకొండు గంటల పది నిమిషాల దగ్గర గోరంత గుంట.

మూడో మిషను దగ్గరికి వెళ్లి తలుపు లాగాను. వేడి ముఖం మీద కొట్టింది. ఒక గుడ్డు తీసి మూసిన కనురెప్పకు ఆనించాను. మా ఊళ్లో మా నాయనమ్మ పొదిగే కోడి కింద గుడ్లను అలాగే చూసేది. రెప్పకు గుడ్డు వెచ్చగా తగలకూడదు, చల్లగా తగలకూడదు, అసలు తగిలినట్టే ఉండకూడదు. ఇది చురుక్కుమంది. తలుపు లోపల వేలాడే గాజు థర్మామీటరు నలభై రెండు చూపిస్తోంది.

మూడింటికీ చేతి స్విచ్చు తిప్పాను. నీళ్ల వాల్వులు చేత్తో తెరిచాను. తలుపులు బార్లా తీశాను. ట్రేలు చేత్తో వాల్చాను. మొదటి రెండు మిషన్లలో మూడు రోజులవి, పదకొండు రోజులవి ఉన్నాయి. చిన్న గుడ్లు, వాటికి సొంత వేడి తక్కువ. గాజు థర్మామీటర్లు హద్దు దాటలేదు. మూడో దాంట్లో పద్దెనిమిదో రోజువి. పిల్ల పూర్తిగా తయారై ఊపిరికి సిద్ధమైన గుడ్లు. అవి తమ వేడితో తామే కాగిపోతాయి. నీళ్లు పారితేనే బతుకుతాయి. పైగా బయట ఆ ఉక్క.

కిటికీ దగ్గరికి పరుగెత్తి మైకు నొక్కాను. "బావా, ఏది పెట్టారు?"

బావ అద్దం అవతలికి వచ్చాడు. నా ముఖం చూశాడు. అతని నోరు కదిలింది, మైకు నొక్కలేదు. తర్వాత నొక్కి, "ముందు మిషన్లు చూడు," అన్నాడు.

అప్పుడే నాకు తెలిసిపోయింది. కానీ ఎనిమిదింటి మోచేయి గుర్తు రావడానికి ఇంకో నాలుగు గంటలు పట్టింది. అడ్డమైన ఆశ ఏదో దాన్ని వెనక్కి నెడుతూ వచ్చింది.

పిన్ని మూడో మిషను గుడ్లను దీపం మీద పెట్టింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. పద్దెనిమిదో రోజు గుడ్డులో నీడ కదులుతుంది, లోపల ఎవరో పక్కకు ఒత్తిగిల్లినట్టు. ఒక ట్రే అయింది. రెండో ట్రే అయింది.

"కదలడం లేదు అబ్బాయ్," అంది. ట్రేలు తెస్తూనే ఉన్నాం, చూస్తూనే ఉంది. మూడు గంటలకు దీపం ఆర్పేసింది.

ఈలోగా సంచీ సారు ముప్పై రెండు పెట్టాడు. ఐదు నిమిషాల పని. మొదటి పెట్టెలో టిక్కుమంది. నా ఎదురుగా తెర మీద గీత మూడో మిషను దగ్గర నిట్టనిలువుగా లేచి, నిజం చూపించింది.

నాలుగింటికి పెద్దాయన గదికి పిలుపొచ్చింది. తడి తలతోనే వెళ్లాను. బల్ల అవతల పెద్దాయన, పక్క కుర్చీలో బావ, గోడకు ఆనుకుని సంచీ సారు. బల్ల మీద ఫారం. కింద నా సంతకం, పైన అరవై నాలుగు గడిలో టిక్కు. గీత చివర కొంచెం వణికినట్టుంది. అప్పుడు గుర్తొచ్చింది మోచేయి.

"ఫారంలో ఏముందో అదే పెట్టాను సార్," అన్నాడు సంచీ సారు. అతని గొంతులో తడి లేదు. "లైబ్రరీ పాతదని నిన్న ఒక్క మాట నా చెవిన వేసుంటే ఇంత జరిగేది కాదు."

నేను బావ వంక చూశాను. బావ బల్ల అంచు వంక చూస్తున్నాడు.

"తెర మీద అన్నీ బాగున్నట్టు ఎందుకు చూపించింది?" అన్నాడు పెద్దాయన.

"ఆ తప్పు నాదండీ," అన్నాను. మాదిరి మోడ్ సంగతి చెప్పాను. లైబ్రరీ దొరక్కపోతే దానికి మారేలా రాసింది నేనేనని, తెర మీద ఆ మాట వెయ్యలేదని చెప్పాను.

పెద్దాయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అంటే మొత్తం నీ చేతి పనే. రాసిందీ నువ్వే, ఎంచిందీ నువ్వే."

"ఎంచింది నేను కాదు. ముప్పై రెండు అన్నాను."

పెద్దాయన బావ వైపు తిరిగాడు. "ఏమయ్యా?"

"లోపలినుంచి ఏది చెబితే అది రాశానండీ," అన్నాడు బావ. తర్వాత కుర్చీ జరిపి లేచి, వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "మావాడు మంచివాడండీ. కష్టపడతాడు. కానీ ఎంతైనా పల్లెటూరి బడి చదువు. ఆ బిట్లూ అవీ ఒక్కోసారి తారుమారు అవుతాయి వాడికి. కుర్రతనం అనుకోండి. నా మొహం చూసి ఈ ఒక్కసారికి వదిలెయ్యండి."

నన్ను తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆ చెయ్యి చాలాసేపు నా భుజం మీదే ఉంది. పదకొండేళ్ల కిందట మొదటిసారి ఈ గదిలోకి తీసుకొచ్చినప్పుడు కూడా అదే భుజం మీద అదే చెయ్యి. "మావాడండీ" అని అప్పుడూ ఇలాగే అన్నాడు.

"నువ్వు ముప్పై రెండు అన్నప్పుడు విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అడిగాడు పెద్దాయన నన్ను.

భుజం మీద చెయ్యి బిగుసుకుంది. తల తిప్పి చూశాను. అప్పుడు మొదటిసారి బావ నా కళ్లలోకి చూశాడు. పొద్దున నా వెనక బండి పట్టుకుని నిలబడ్డ పిన్ని అతనికి గుర్తొచ్చిందని ఆ చూపులో తెలిసింది. పిన్నిని పిలిస్తే ఒక్క నిమిషం పని. ఆమె పెద్దాయనకు కూడా భయపడే మనిషి కాదు. కానీ ఆ నిమిషం తర్వాత బావకు ఉద్యోగం ఉండదు. క్వార్టరు ఉండదు. అక్క ఆ గుమ్మంలో నిలబడి ఎవరినీ తినమని పిలవదు.

"ఎవరూ లేరండీ," అన్నాను.

భుజం మీద చెయ్యి వదులైంది.

నేను మైకు ముందు నిలబడ్డట్టే నిలబడ్డాను. లోపలి మనిషి మాట చెప్పాక బయటి మనిషి తిరిగి చెప్పేదాకా కాస్త ఎడం ఉంటుంది. ఆ ఎడం నాకు బాగా అలవాటు. ఇప్పుడైనా చెబుతాడు అనుకున్నాను. తిరిగి చెబితే చాలు, మావాడు ముప్పై రెండే అన్నాడని, అరవై నాలుగు గీసింది నేనని, నిన్న పెద్దాయన నవ్వు చూశాక ఆ మాట వెనక్కి తీసుకోలేకపోయానని. నేను దాన్ని క్షమించేవాణ్ణేమో కూడా. పెద్దాయన కళ్లజోడు పెట్టుకునేదాకా చూశాను. బావ చెయ్యి తీసేసి, వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

"రేపట్నుంచి నువ్వు శుభ్రం వైపు వెళ్లొద్దు," అన్నాడు పెద్దాయన. "యార్డులో లోడింగ్ చూసుకో. సర్వరు తాళాలు మీ బావకివ్వు."

తాళాల గుత్తి బల్ల మీద పెట్టాను. బావ దాన్ని వెంటనే తీసుకోలేదు. పెద్దాయన చూస్తున్నాడని గుర్తొచ్చాక తీసుకున్నాడు.

బయటికొస్తే సంచీ సారు నా వెనకే వచ్చాడు. "అన్నా, లాగ్ చూశాను. నిన్న సాయంత్రం ఆరింటికి ఎవరో దాన్ని తెరిచి ఆ లైను దగ్గరే ఆగారు. నువ్వేనా?"

"నేనే."

"అంటే నీకు ముందే తెలుసు. తెలిసినవాడు అరవై నాలుగు ఎందుకు పెట్టమంటాడు?"

అతను సంచీ పట్టీ సర్దుకుంటూ కాసేపు నిలబడ్డాడు. ఆఫీసు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. "మీ ఇంటి సంగతి," అని మెల్లగా అని వెళ్లిపోయాడు.

నేను ఇంటికి పోకుండా యార్డులో ఖాళీ పెట్టెల మీద కూర్చున్నాను. ఐదింటికి గోడ అవతల ట్రేలు వాలాయి. ఆరింటికి వాలాయి. మూడు చప్పుళ్లుండాల్సిన చోట రెండు. మూడో మిషను ఖాళీ చేసి కడుగుతున్నారు, నీళ్లు కాలవలోకి పోతున్నాయి. మబ్బు పొద్దుటి నుంచీ ఒక్క అడుగు కూడా కదల్లేదు.

ఆరున్నరకు ఇంటికి వెళ్లాను. దీపం పిన్ని మా గుమ్మంలోంచి దిగి వస్తోంది. నన్ను చూసి ఆగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీకోసం చెప్పలేదు అబ్బాయ్, తిట్టుకోకు. నా చెవులు నావి. నేను విన్నది మీ అక్కకు చెప్పుకున్నాను. పెద్దాయన దగ్గరికి మాత్రం నువ్వు పొమ్మంటేనే పోతాను."

"వద్దు పిన్నీ."

"వద్దంటావని తెలుసు. నీ మాటలన్నీ పొదుపు చేసి ఏం చేసుకుంటావో నాకు తెలియదు," అంది. నా చెంప మీద చేత్తో ఒకటి తట్టి వెళ్లింది. దెబ్బో, నిమరడమో తెలియలేదు.

లోపల అక్క మూడు పళ్లాలు పెట్టి కూర్చుంది. బావ అప్పటికే వచ్చి, కాళ్లు కడుక్కుని, గోడకు చేరబడి ఉన్నాడు. తాళాల గుత్తి గూట్లో ఉంది. నేను చేతులు కడుక్కుని ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాను. బావకు ఎదురుగా.

అక్క గరిటె చేతిలో పట్టుకుని వడ్డించకుండా బావ వైపు తిరిగింది.

"పొద్దున కిటికీ దగ్గర వీడు ఏం చెప్పాడు?"

బావ పళ్లెం వంక చూశాడు. "వడ్డించు."

"మీరు తిరిగి చెప్పారట కదా. రెండుసార్లు. ఏమని తిరిగి చెప్పారు? నాకు చెప్పండి. నేనేమీ పెద్దాయన్ని కాదు."

బావ నోరు తెరిచాడు. అద్దం అవతల కదిలినట్టే కదిలింది. అక్క ఎదురుచూసింది. నేనూ చూశాను. ఎక్కడో ఒక కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరింట్లోనో కొళాయి కట్టేసిన చప్పుడు వినిపించాయి.

అక్క గరిటె తిప్పి ముందు నా పళ్లెంలో అన్నం పెట్టింది. పెళ్లయిన నాటినుంచి ఆమె మొదటి గరిటె బావకు కాకుండా ఇంకొకరికి వెయ్యడం నేను చూడలేదు. బావ కూడా చూశాడు. తర్వాత ఆయనకు పెట్టింది. తర్వాత తను పెట్టుకుంది.

తినడం మొదలుపెట్టాం. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, ఆకలి మాత్రం ఉంది. దానికి సిగ్గు లేదు. బావ ముద్ద కలిపి చాలాసేపు వేళ్లతో అలాగే పట్టుకుని, తర్వాత నోట్లో పెట్టుకున్నాడు. నీళ్ల చెంబు నా పక్కనుంది. ఆయన గ్లాసు ఖాళీ అయింది. ఆయన అడగలేదు. చెంబు ఆ వైపు జరిపాను. ఆయన నా వైపు చూడకుండానే వంచుకున్నాడు.

ఏడయింది. మా గోడకు అవతలే హాలు. ముందు టిక్కు వినిపించింది. ఒకటో మిషను వాలింది. రెండోది వాలింది. ముగ్గురి చేతులూ పళ్లాల్లో ఆగాయి. మూడోదాని కోసం ఎంతసేపు ఆగాలో అంతసేపు ఆగి, మళ్లీ తిన్నాం.